మూడున్నర అడుగులు

మేస్త్రి కేసు పాడుచేసింది సలహా కేంద్రం. అతని భార్యను చంపిందీ సలహా కేంద్రమే. డాక్టర్లు గుండె అన్నారు. ఆశ్రయం కేసులు చూసే ఆఫీసు వాళ్ళు సహజ మరణమని రాసుకున్నారు. శరణార్థుల హాస్టల్లో జనం ఖర్మ అన్నారు. మేస్త్రికి ఆ మూడు మాటలతోనూ పనిలేదు. సలహా కేంద్రంలో గొలుసు కళ్ళజోడావిడ, "మీ ఇద్దరి మాటలకూ పొంతన ఉండాలి" అని చెప్పింది. అతను పొంతన కుదిర్చాడు. కుదిర్చినందుకే కేసు కొట్టేశారు. కొట్టేసిన ఎనిమిది నెలలకు ఆమె పోయింది. ఇందులో వాదించడానికి ఏముంది?

అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇదే చెప్పేవాడు. కొత్తగా దిగినవాళ్ళు మూటలైనా విప్పకముందే వాళ్ళ గుమ్మంలో నిలబడి, "చెప్పుల కొట్టు మీద సలహా కేంద్రమని బోర్డు ఉంటుంది. ఆ మెట్లు మాత్రం ఎక్కకండి" అనేవాడు. ఇది విని విని పక్కగది దర్జీకి చెవులు తూట్లు పడ్డాయి.

"అన్నా, నువ్వూ ఇక్కడే ఒక బల్ల వేసుకుని కూచోరాదూ? వాళ్ళకి పోటీగా మనమూ ఒక కేంద్రం పెడదాం. టోకెన్లు నేనిస్తా."

"నీకు వెటకారంగానే ఉంటుందిరా. నీ పెళ్ళాం బతికే ఉంది."



మేస్త్రి వడ్రంగి. పల్లెటూరి బడిలో ఐదు దాకా చదివి, ఆరో తరగతికి బదులు ఉలి పట్టాడు. జంట తలుపులు చేయడంలో అతని చెయ్యి దిట్ట. ఒక కొలకర్ర తీసుకుని కొలతలన్నీ దాని మీదే గీతలు పెట్టుకునేవాడు. ఆ ఒక్క కర్రతోనే రెండు రెక్కలూ కోసేవాడు. మూస్తే మధ్యన వెంట్రుక దూరేది కాదు. పాతికేళ్ళు అలా బతికినవాడికి పొంతనంటే ఏమిటో ఇంకొకళ్ళు నేర్పాల్సిన పనిలేదనుకున్నాడు.

సొంత ఊళ్ళో ఉంటే ప్రాణాలు దక్కవని తేలాక, భార్యనూ పదహారేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని ఈ దేశం వచ్చి ఆశ్రయం అడిగాడు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, మొగుణ్ణి ఒక గదిలోనూ పెళ్ళాన్ని ఇంకో గదిలోనూ కూర్చోబెడతారు. మధ్యన దుబాసీని పెట్టి, ఏం జరిగిందో చెప్పమంటారు. తరవాత ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ సంగతి తెలిసిన మర్నాటి నుంచి ఇరవై రెండు రోజులు మేస్త్రి భార్యకు పాఠం చెప్పాడు.

పాఠం పెద్దదేమీ కాదు. తుపాకులవాళ్ళు వచ్చి ఊరిని చేతిలో పెట్టుకున్నారు. ఎదురు తిరిగినవాళ్ళను చంపారు. చచ్చినవాళ్ళకు శవపెట్టెలు చేయమని మేస్త్రికి చీటీ మీద పొడవూ వెడల్పూ రాసి పంపేవారు. పదిహేడు పెట్టెలు చేశాడు. తుపాకులవాళ్ళు కాస్త వెనక్కి తగ్గాక బయటి నుంచి విచారణ వాళ్ళొచ్చి అడిగితే ఆ పదిహేడూ చెప్పాడు. అది తుపాకులవాళ్ళకు తెలిసిపోయింది. ఇంటి మీదికి మూడుసార్లు వచ్చారు. మూడోసారి మేస్త్రి రంపపు పొట్టు పోసిన గదిలో, పొట్టు కింద దాక్కున్నాడు. భార్య గుమ్మంలో నిలబడి, "పక్క ఊరు వెళ్ళారు" అని చెప్పింది. తుపాకీ మడమతో ఆమె భుజం విరగ్గొట్టి వెళ్ళారు.

జరిగింది ఇదే. అయితే ఆమె చెప్పే తీరు వేరు.

"పాలు పొయ్యి మీదున్నాయి. పొంగుతున్నాయని చూస్తూనే ఉన్నాను, దింపడానికి చెయ్యి రాలేదు. వాళ్ళలో ఒకడే వచ్చి పొయ్యి ఆర్పాడు..."

"పాలొద్దు. తేదీ చెప్పు."

"తేదీ నాకేం తెలుసండీ? పాలు మాడిన వాసన తెలుసు."

"వాసన రాసుకుంటారా వాళ్ళు? మొదటిసారి ఎప్పుడొచ్చారు? పన్నెండో తారీఖు. ఎంతమంది? నలుగురు. అను."

"పన్నెండో తారీఖు. నలుగురు."

గదిలో రెండంతస్తుల మంచాలు రెండు, ఇనప బీరువా ఒకటి. కింది మంచం మీద ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలేసుకుని, స్కేలుతో మంచం పట్టీ మీద కొట్టేవాడు. తేదీ తప్పితే ఒక దెబ్బ. దెబ్బ మంచానికే, కానీ ఆమె ప్రతిసారీ భుజం ముడుచుకునేది. పై మంచం మీద కూతురు దుప్పటి ముసుగేసుకుని పడుకునేది. గోడ అవతల నుంచి దర్జీ అరిచేవాడు.

"అన్నా, వదిన ఎన్నో ఎక్కంలో ఉందీ? పదమూడో ఎక్కం వచ్చాక చెప్పు, నేనూ వస్తా. అక్కడే నేను బడి మానేసింది."

ఇంటర్వ్యూలో ఆమె గడగడా అప్పజెప్పింది. ఆఫీసరు మధ్యలో ఆపి ఏదో అడిగాడు. ఆమె గుటక మింగి మళ్ళీ పన్నెండో తారీఖు నుంచి మొదలుపెట్టింది. ఆఫీసరు ఇంకోటి అడిగాడు. మళ్ళీ పన్నెండో తారీఖు. మూడోసారి దుబాసీయే ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడట.

కొట్టేసిన కాగితంలో కారణాలు రెండు రాశారు. ఒకటి, భార్యాభర్తల వాంగ్మూలాలు పదానికి పదం ఒక్కటే, బట్టీ పట్టినవి. రెండు, పెట్టెలు పదిహేడని ఊళ్ళో ఎవరైనా సమాధులు చూసి చెప్పగలరు, ఆ మాత్రం దానికి ఒక వడ్రంగిని వెంటాడి చంపాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

ఆ కాగితం చదివించుకుని వచ్చిన సాయంత్రం మేస్త్రి భార్యతో ఒక్క మాటన్నాడు. "ఆపినచోటి నుంచి అందుకునుంటే ఈ గతి పట్టేది కాదు."

 ఆ రోజు నుంచి ఉప్పుందా, సబ్బుందా, తలుపేశారా అన్న మాటలు తప్ప ఆమె నోట ఇంకో మాట రాలేదు. ఎనిమిది నెలలు. ఒక పొద్దున కొళాయిల దగ్గర దుప్పటి పిండుతూ, పిండుతూనే కూలబడిపోయింది.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు అప్పీలు విచారణకొచ్చింది. ఇదే ఆఖరుది. పోతే పద్నాలుగు రోజుల్లో అతన్నీ కూతుర్నీ విమానం ఎక్కించి వచ్చినచోటికి పంపేస్తారు. అక్కడ తుపాకులవాళ్ళు మళ్ళీ గద్దెనెక్కి కూర్చున్నారు. కూతురికి పందొమ్మిదేళ్ళు. కాగితం చేతికొస్తే ఆసుపత్రిలో నర్సు చదువుకు సీటిస్తామన్నారు. కాగితం రాకపోతే ఏమిటో ఆ పిల్ల అడగలేదు, మేస్త్రి చెప్పలేదు.

విచారణకు తొమ్మిది రోజులుందనగా, కేసు మళ్ళీ సలహా కేంద్రం చేతుల్లోనే ఉందని బయటపడింది.

"ఎవరిచ్చారు?" అన్నాడు మేస్త్రి.

"నేనే ఇచ్చాను నాన్నా. సంతకం నాది కూడా కావాలి కదా. పద్దెనిమిది నిండినప్పుడే పెట్టేశాను."

"మీ అమ్మను చంపినవాళ్ళ దగ్గరికెళ్ళి సంతకం పెట్టొచ్చావా?"

"ఇంకెవరి దగ్గరికి వెళ్ళను? నువ్వు చూపించు, వెళ్తా."

చూపించడానికి ఎవరూ లేరు. మర్నాడు మేస్త్రి ఆ మెట్లెక్కాడు.

సలహా కేంద్రమంటే ఒక్క గది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడలకు నాలుగైదు భాషల్లో కాగితాలు, మూలన చంటిపిల్లల బొమ్మలున్న అట్టపెట్టె. కింద కొట్టులో చెప్పులకు మేకులు కొట్టే చప్పుడు నేల మీద తెలుస్తూ ఉంటుంది. గొలుసు కళ్ళజోడావిడకు వీళ్ళ భాష వచ్చు. ఆ భాష వచ్చినవాళ్ళు అక్కడ ఆవిడ ఒక్కతే. అందుకే వీళ్ళంతా ఆవిడ నెత్తినే పడ్డారు.

"కూర్చోండి మేస్త్రి గారూ."

"నిలబడే వింటాను. మీ కుర్చీలో ఒకసారి కూర్చున్నాను, చాలు."

ఆవిడ నొచ్చుకున్నట్టు కనపడలేదు. బీరువా తాళం తీసి ఒక పల్చటి ఫైలు బల్ల మీద పెట్టింది.

"ఇంటర్వ్యూకి ముందు మీ ఆవిడ ఒక్కరే ఇక్కడికొచ్చారు, గుర్తుందా?"

"నేనే కింద దిగబెట్టాను. ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాలని మీరే అన్నారుగా."

"ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. పదకొండు పేజీలు. తారీఖు వేసి సంతకం చేశారు. ఇక్కడ ఆడవాళ్ళు చెప్పినవి ఈ బీరువాలో వేరేగా పెడతాం. మొగుళ్ళకి చూపించం. వాళ్ళు ఒప్పుకోకపోతే వకీలుకి కూడా ఇవ్వం."

"మరి నాకెందుకు చూపిస్తున్నారు? చచ్చిపోయింది కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళు లేరనా?"

"కాదు. 'అమ్మాయికి అవసరం పడితే తియ్యండి, లేకపోతే వద్దు' అన్నారు. అదీ రాశాను, ఆఖరి పేజీలో ఉంది. మొన్నటిదాకా మీ కేసు చూసిన వకీలుకి ఈ ఫైలుందని కూడా తెలీదు. ఇప్పుడొచ్చినామె రెండో కారణానికి జవాబేమిటని నన్ను అడిగింది. అప్పుడు తీశాను."

మేస్త్రి కుర్చీ లాక్కున్నాడు. కూర్చున్నానని కూడా గమనించలేదు. చదవడం అతనికి నెమ్మది. అక్షరాల కింద వేలు పెట్టుకుని చదవాలి. మొదటి పేజీ పాలతో మొదలైంది. రెండో పేజీలో పాలు పొంగాయి. మూడులో భుజం విరిగింది. తేదీలు ఎక్కడా లేవు. అన్నం తిన్నామా లేదా, అమ్మాయి బడి నుంచి వచ్చిందా లేదా అనే గుర్తులతోనే అంతా నడిచింది. అయినా ఎవరు ఎటు నిలబడ్డారో, ఎవరి చేతికి ఏ ఉంగరముందో కళ్ళకు కట్టినట్టుంది. ఆరో పేజీ మధ్యలో అతని వేలు ఆగిపోయింది.

*మా ఆయన పదిహేడంటారు. పద్దెనిమిదోది ఉంది. అది చిన్నది. మూడున్నర అడుగులు. చీటీ సోమవారం పొద్దున్నే వచ్చింది. ఊళ్ళో అప్పటికి పిల్లలెవరూ పోలేదు. ఇంత చిన్నది ఎవరికండీ అన్నాను. నీకెందుకు, నోరుమూసుకో అన్నారు. చేశారు. గురువారం నీళ్ళ పంపు నడిపేవాళ్ళ అబ్బాయిని చంపారు. నాలుగేళ్ళవాడు. వాడు మా కొట్టు దగ్గరికొచ్చి చిత్రిక పడుతుంటే రాలిన చెక్క చుట్టలు ఏరుకుని వేళ్ళకు ఉంగరాల్లా పెట్టుకునేవాడు. పెట్టె సరిగ్గా సరిపోయింది. ఆ మాట ఎవరితోనైనా అంటే చస్తామని మా ఆయన అంటారు. చావు భయం కాదండీ ఆయనది.*

కింద మేకులు కొడుతూనే ఉన్నారు.

"ఇది అబద్ధం," అన్నాడు మేస్త్రి. "ఆవిడకి మతి నిలకడగా ఉండేది కాదు. ఏదో ఒకటి వాగేది."

చనిపోయిన మనిషి మీద ఆ మాట అన్నాక, గదిలో ఇంకొకరు లేకుండా ఉంటే బాగుండుననిపించింది.  కళ్ళజోడావిడ, ఊళ్ళో విచారణకొచ్చినవాళ్ళు అచ్చువేసిన పుస్తకం తెరిచి ఒక పేజీ చూపించింది.

"పిల్లాడు పోయింది గురువారమే. తండ్రి తుపాకులవాళ్ళకి నీళ్ళ బండి ఇవ్వనన్నాడు, అందుకని. ఈ పుస్తకం బయటికొచ్చింది పోయిన ఏడాది. అప్పటికి మీ ఆవిడ లేరు. చూసి చెప్పారని అనడానికి వీల్లేదు."

"అయితే?"

"అయితే ఏముంది మేస్త్రి గారూ? పదిహేడు ఎవరైనా లెక్కపెడతారు. కానీ చావు కంటే ముందు కొలత వచ్చిందని తెలిసింది మీకొక్కరికే. గొడవల్లో తూటా తగిలి పోయాడని కాదు, కావాలనే చంపారని చెప్పగలిగిన సాక్షి మీరు. అందుకే మీ వెంట పడ్డారు. ఆఫీసు వాళ్ళు అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. ఈ ఒక్కటే మీరు దాచారు."

"ఆ కాగితాలిచ్చెయ్యండి. చాలుగా."

"చాలవు. పోయినవాళ్ళని తిరిగి ప్రశ్నించలేరు. నోరు విప్పాల్సింది మీరే. చిన్న పెట్టె సంగతి మీ నోటితో చెప్పాలి. ఆవిడ దాన్ని చెప్పబోతే వద్దన్నదీ మీరే, పాఠం నేర్పిందీ మీరేనని కూడా చెప్పాలి. లేకపోతే ఆవిడ బట్టీ మాటలకీ ఈ మాటలకీ పొత్తు కుదరదు."

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది.

"నేర్పించింది మీరు! పొంతన ఉండాలన్నది ఎవరు? నా నోట్లో పెట్టింది ఎవరు?"

"అన్నాను," అంది ఆవిడ. "అది మొదటి మాట. తరవాత ఇంకా చెప్పాను. ఎవరికి గుర్తున్నట్టు వాళ్ళు చెప్పండి, తెలియనిది తెలియదనండి, సిగ్గుపడే సంగతి ఉంటే ముందు మాకు చెప్పండి అన్నాను. అచ్చు కాగితం కూడా ఇచ్చాను. మీరు మొదటి మాట వినగానే లేచారు. నేను ఆపి కూర్చోబెట్టాల్సింది. ఆ వారం అరవై మంది ఉన్నారు బయట. ఆపలేదు. అది నా తప్పు."

"ఒప్పుకుంటే తీరిపోతుందా?"

"తీరదు."

ఇంకేమైనా అంటే తిట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ ఫైలు మూసింది. మేస్త్రి లేచి వచ్చేశాడు.

మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. హాస్టల్లో కాలు ఊగుతున్న కుర్చీలుంటే ఒక్కొక్కటే వరండాలోకి లాక్కొచ్చి బిగించాడు. బాగున్నవి కూడా విప్పి మళ్ళీ బిగించాడు. దర్జీ వచ్చి, "అన్నా, మనుషుల్ని కూడా బిగిస్తావా? నా మోకాళ్ళు రెండూ వదులయ్యాయి" అంటే నవ్వలేదు, తిట్టనూ లేదు. దర్జీకి భయమేసి పోయి మేస్త్రి కూతురికి చెప్పాడు.

మేస్త్రి మనసులో లెక్క తేలడం లేదు. చెప్తే పిల్ల బతుకుతుంది. చెప్తే ఆ పిల్లకి తన తండ్రి ఎవరో తెలుస్తుంది. పంపువాళ్ళ అబ్బాయిని చంకనేసుకుని తిప్పిందే ఈ పిల్ల. పెళ్ళాం చచ్చేదాకా ఆ సంగతి ఇద్దరి మధ్యే ఉంది. ఆమెతో పోయిందనుకున్నాడు. పోలేదు, బీరువాలో కూర్చుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం గదిలోకి వచ్చేసరికి కూతురు కింది మంచం మీద, తల్లి కూర్చునేచోట కూర్చుని ఉంది. వెన్ను నిటారుగా పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా స్టూలు వేసి ఉంది.

"ఏమిటిది?"

"నన్ను కూడా పిలుస్తారట నాన్నా. విడిగా. నాకెప్పుడు నేర్పుతావు? ఐదు రోజులే ఉంది."

"నీకేం నేర్పేది?"

"అమ్మకి నేర్పినట్టే. నాకు చాలావరకు వచ్చు. చూసుకో." కళ్ళు మూసుకుంది. "మొదటిసారి పన్నెండో తారీఖున వచ్చారు. నలుగురు. తలుపు బయటి నుంచి రెండుసార్లు కొట్టారు. రెండోసారి పంతొమ్మిదో తారీఖున వచ్చారు. ముగ్గురు. మూడోసారి ఇరవై ఏడో తారీఖున..."

ఒక్క అక్షరం తప్పలేదు. భార్య ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే తీసుకుంది. ఆమె ఎక్కడ గుటక మింగేదో అక్కడే మింగింది. తేదీ దగ్గరికి వచ్చేసరికి, స్కేలు లేకుండానే, భుజం చిన్నగా ముడుచుకుంది.

"ఆపు," అన్నాడు మేస్త్రి.

"తప్పు చెప్పానా? మళ్ళీ మొదటి నుంచి..."

"ఆపమన్నానా!"

పిల్ల కళ్ళు తెరిచింది. మేస్త్రి స్టూలు తీసి గోడవారకు తోసి, నిలబడే అన్నాడు.

"నీకు నేనేం నేర్పను. నువ్వు చూసింది చెప్పు. చూడనిది చూడలేదను. గుర్తులేకపోతే లేదను. మీ అమ్మ చెప్పినట్టు చెప్పకు."

"మరి నీకు నాకు తేడా వస్తే?"

"రానీ."

విచారణ గది పెద్దదేమీ కాదు. పొడవాటి బల్ల, మూడు మైకులు, నీళ్ళ సీసా, ఎవరైనా ఏడిస్తే తుడుచుకోవడానికి కాగితపు రుమాళ్ళ డబ్బా. జడ్జి ముసలివాడు, దగ్గు. ఆఫీసు తరఫు వకీలు కుర్రతనం వదలని మనిషి, ముందు పసుపు చీటీలు అంటించిన కట్ట. దుబాసీ కొత్తది, గొంతు మెత్తన. కూతుర్ని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. కళ్ళజోడావిడ వెనక వరసలో కూర్చుంది. మేస్త్రి ఆవిడ వైపు చూడలేదు.

తమ వకీలు అడిగితే అన్నీ చెప్పాడు. పదిహేడూ చెప్పాడు. చెప్పి ఆగాడు. ఆమె నోరు తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకోటి ఉంది. పద్దెనిమిదోది."

దుబాసీ ఆ మాట చెప్పగానే ఆఫీసు వకీలు కలం తీశాడు. మేస్త్రి చెప్పుకుపోయాడు. సోమవారం చీటీ, మూడున్నర అడుగులు, గురువారం. జిగురు కాచే పొయ్యిలో చీటీ కాల్చేశాననీ చెప్పాడు. భార్య చెప్తానంటే వద్దన్నాననీ, ఇరవై రెండు రోజులు స్కేలు పట్టుకుని కూర్చున్నాననీ చెప్పాడు.  కిటికీలకు కొలతలు చదువుతున్నవాడిలా చెప్పాడు.

ఆఫీసు వకీలు లేచాడు.

"ఇన్నేళ్ళు ఈ సంగతి ఎందుకు చెప్పలేదు? ఇప్పుడు కేసు పోతుందని కల్పించారా?"

"కల్పించాలంటే ఇంతకన్నా మంచిది కల్పించుకుంటాను బాబూ. నన్ను నేను ఇలా ఎందుకు కల్పించుకుంటాను?"

దుబాసీ ఆ మాట చెప్పడానికి కాస్త తడబడింది. జడ్జి దగ్గి, తనే ముందుకు వంగాడు.

"చీటీ చూసినప్పుడు అది ఎవరి కోసమని అనుకున్నారు?"

"పిల్లాడి కోసమని."

"ఏ పిల్లాడో తెలుసా?"

"తెలీదు. ఊళ్ళో ఆ ఎత్తువాళ్ళు చాలామంది."

"ఎవరికైనా చెప్పారా? ఊళ్ళోవాళ్ళని హెచ్చరించారా? మధ్యలో మూడు రోజులున్నాయి కదా."

మేస్త్రి నీళ్ళ సీసా వైపు చూశాడు, తాగలేదు.

"లేదండి."

"ఆ మూడు రోజులు ఏం చేశారు?"

"చిత్రిక పట్టాను. పిల్లల పెట్టె కదా, పేళ్ళు గుచ్చుకోకూడదని అంచులు రెండుసార్లు పట్టాను."

దుబాసీ ఆగింది. జడ్జి చెప్పమన్నట్టు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చెప్పింది. ఆఫీసు వకీలు పసుపు చీటీల్లో ఏదో వెతికాడు, దొరికినట్టు లేదు, కూర్చున్నాడు. ఎవరో కాగితపు రుమాళ్ళ డబ్బా మేస్త్రి వైపు జరిపారు. అతను దాన్ని వెనక్కి జరిపాడు.

తరవాత కూతుర్ని పిలిచారు. ఆ పిల్ల పావుగంటలో బయటికొచ్చింది. సగం ప్రశ్నలకు తెలీదనే చెప్పిందట.

తీర్పు ఐదు వారాలకు టపాలో వచ్చింది. ఆశ్రయం ఇచ్చారు, ఇద్దరికీ. హాస్టలంతా గదిలోకి దూసుకొచ్చింది. దర్జీ మేస్త్రిని కౌగిలించుకుని, "అన్నా, ఇక నువ్వు ఈ దేశం మేస్త్రివి! నా తలుపుకి గడియ పెట్టు, ముందు నాది" అని గోల చేశాడు. సాయంత్రం కళ్ళజోడావిడ స్వయంగా వచ్చింది. తీర్పులో ఒక వాక్యం కింద గీత గీసి తెచ్చింది. చనిపోయిన భార్య మొదట సలహా కేంద్రంలో ఇచ్చిన వాంగ్మూలం అన్ని విధాలా నమ్మదగినదిగా ఉందని అందులో ఉంది.

"చదివారా మేస్త్రి గారూ? ఆవిడ మాట నమ్మారు."

"ఎవరు నమ్మారు? ఆవిడ ఎదురుగా కూర్చుని గుటకలు మింగినప్పుడు నమ్మలేదు. మట్టిలో ఉన్నాక నమ్మారు. ఈ కాగితం తీసుకెళ్ళి ఆవిడకి వినిపించమంటారా?"

ఆవిడ కాగితం మడిచింది. తరవాత వచ్చిన పని చెప్పింది. ప్రతి శనివారం కొత్తగా వచ్చినవాళ్ళను కేంద్రంలో కూర్చోబెట్టి ఇంటర్వ్యూ సంగతులు చెప్తారట. తమలాంటివాళ్ళు చెప్తే ఎవరికీ ఎక్కడం లేదట.

"మీరొచ్చి ఒక్క అరగంట మాట్లాడితే చాలు. పాఠం నేర్పొద్దని చెప్పండి. దాచుకున్నదే ముందు చెప్పాలని చెప్పండి. మా అచ్చు కాగితాలకంటే మీ మాట గట్టిది. ఇంకో ఇంట్లో ఇలా జరగడం ఆగుతుంది."

"ఆపితే మీరాపండి. మీకు జీతమిచ్చేది అందుకేగా."

"మేస్త్రి గారూ..."

"మీరు పదకొండు పేజీలు తాళం వేసి కూర్చున్నారు. నేను నోటికి తాళం వేసి కూర్చున్నాను. మధ్యన ఆవిడ పోయింది. మీరు మీ తప్పు ఒప్పుకున్నారు, నేను నాది ఒప్పుకున్నాను. అంతటితో మనిద్దరం చుట్టాలం కాలేదు. వెళ్ళిరండి."

ఆవిడ వెళ్ళిపోయింది. మెట్ల దగ్గర దర్జీ ఏదో సర్దిచెప్పబోతుంటే మేస్త్రి తలుపేశాడు.

తీర్పు కాగితాలు కూతురి చేతిలోనే ఉన్నాయి. ఇక్కడి భాష ఆ పిల్లకు ఇప్పుడు బాగా వచ్చు. జనం వెళ్ళాక పై మంచం మీదికెక్కి మొదటి పేజీ నుంచి చదువుకుంది. మేస్త్రి కింద కూర్చుని పేజీ తిరిగిన చప్పుడల్లా వింటున్నాడు. నాలుగో పేజీ తరవాత చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. తరవాత మంచం కిర్రుమంది. ఆ పిల్ల దిగి వచ్చి ఎదురుగా నిలబడింది. మొహం తల్లి మొహంలానే పాలిపోయి ఉంది.

"నాన్నా. పంపు మావయ్యవాళ్ళ చిన్నాడా?"

మేస్త్రి మంచం పట్టీ పట్టుకున్నాడు.

"నీకు సోమవారమే తెలుసా?"

"కాగితంలో ఏముంది?"

"తెలుసనే ఉంది."

"ఉందిగా."

"కాగితం కాదు నాన్నా, నువ్వు చెప్పు. ఆ మూడు రోజులూ వాడు మన కొట్టుకి వచ్చాడా? నేను బడి నుంచి వచ్చేసరికి వాడు అక్కడే ఆడుకుంటుండేవాడు కదా. నువ్వు పెట్టె చేస్తుంటే వచ్చాడా?"

జడ్జి అడగని ప్రశ్న అది. వకీళ్ళకూ తట్టలేదు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యబోయి వెయ్యలేదు.

"నువ్వు ఇక్కడ ఉండటానికి ఎంత చెప్పాలో అంత చెప్పాను. చెప్పాల్సినచోట, చెప్పాల్సినవాళ్ళకి, ఒక్కసారి. దాని మీద నీకు కాగితం వచ్చింది, చదువు వచ్చింది. నన్ను అసహ్యించుకో, నీ ఇష్టం. మాట్లాడకు, అదీ నీ ఇష్టమే. కానీ ఆ మాట ఇంకెప్పుడూ నన్నడక్కు. ఈ గదిలో కానీ, రేపు నీ ఇంట్లో కానీ, నేను పోయేటప్పుడు పక్కన కూర్చుని కానీ, ఎప్పుడడిగినా, దాని గురించి నేనిక నోరెత్తను."